పంచాయతీ బండికి పదునైదేండ్ల ఆయువు

గోదావరి డెల్టాలో ఏటేట వేసవి రాగానే కాలువలు కట్టివేయుదురు. ఆ కొద్ది వారములలోనే పూడిక తీయుదురు, గండిపడిన గట్లు బాగుచేయుదురు, లాకుల తలుపులకు మరమ్మతులు జరుపుదురు. సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యమున 1847లో మొదలై 1852లో పూర్తియైన ధవళేశ్వరము ఆనకట్ట నూరేండ్లకు పైగా పనిచేసినది. 1982లో పూర్తియైన బ్యారేజికి చోటిచ్చువరకు అది మన పొలములకు నీరందించుచునే యుండెను. దానికి కారణము కట్టడపు గట్టితనము మాత్రమే కాదు. ఏండ్ల తరబడి మానక జరిగిన మరమ్మతు కూడ కారణమే. నీటిపని తెలిసిన మన ప్రాంతపు వారికి ఈ సూత్రమును వేరుగ బోధింపనక్కరలేదు. అయితే కాలువకు వర్తించు ఈ సూత్రమే బండి యింజనుకును వర్తించునని మనము తరచు మరచుచున్నాము.

నేడు మోటారు బండి లేని గ్రామము అరుదు. 2005లో టాటా ఏస్ అను చిన్న బండి అంగడిలోనికి వచ్చినప్పటి నుండి చిన్న సరకు బండ్లు పల్లెలలో విస్తారముగా వ్యాపించినవి. రావులపాలెము అరటి గెలలు, అంబాజీపేట కొబ్బరికాయలు, కడియపులంక మొక్కలు, భీమవరము ప్రాంతపు చేపలు, రొయ్యలు ఇట్టి బండ్లమీదనే కదలుచున్నవి. గ్రామపంచాయతీలకు కూడ చెత్త తీయు బండియో, ట్రాక్టరో, నీళ్ల ట్యాంకరో ఉండుట సాధారణమైనది. పొరుగున తెలంగాణలో 2019లో ఆరంభమైన పల్లె ప్రగతి కార్యక్రమము క్రింద ప్రతి పంచాయతీయు ట్రాక్టరు, ట్రాలీ, ట్యాంకరు సమకూర్చుకొనవలెనని నిర్ణయించిరి. బండి కొనుట ఒకనాటి పని. దానిని నిలుపుకొనుట పదునైదేండ్ల పని. ఆ రెండవ పనిని గూర్చియే మేము ఈ పాఠమునందు వివరింపదలచితిమి.

చట్టము చెప్పిన ఆయువు

కేంద్రప్రభుత్వము 2023 జనవరిలో మోటారు వాహనముల నియమములను సవరించినది. ఆ సవరణ ప్రకారము ప్రభుత్వశాఖలకును, పురపాలక సంఘములకును, పంచాయతీలకును చెందిన వాహనముల రిజిస్ట్రేషను, మొదట రిజిస్టరైన నాటినుండి 15 సంవత్సరములు నిండినంతనే ముగియును. తిరిగి పొడిగింపు లేదు. ఈ నియమము 2023 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. కనుక పంచాయతీ బండికి చట్టము విధించిన ఆయుర్దాయము 15 ఏండ్లు. అంతకు మించి దానిని వాడుకొనలేము. అంతవరకైనను దాని యింజను బ్రతికియుండునా అనునదే ప్రశ్న.

ఒక చిన్న లెక్క వేసి చూతము. బండి రోజునకు 60 కిలోమీటర్ల చొప్పున ఏటికి 300 రోజులు తిరిగినదనుకొందము. ఏటికి 18,000 కిలోమీటర్లగును. 15 ఏండ్లకు 2,70,000 కిలోమీటర్లగును. సరియైన పోషణగల చిన్న డీజిలు ఇంజను సాధారణముగా రెండున్నర, మూడు లక్షల కిలోమీటర్ల వరకు, విప్పి బాగుచేయవలసిన పెద్దపని లేకుండ నడువగలదు. అనగా చట్టము చెప్పిన ఆయువును యంత్రపు ఆయువును దాదాపు సమానమే. కాని పోషణ లేని ఇంజను లక్ష కిలోమీటర్లయినను దాటకమునుపే బోరుకు వచ్చుట మనము చూచుచునే యున్నాము. పై లెక్క ప్రకారము అది ఆరేండ్లలోపే జరుగును. ఒకే కర్మాగారములో పుట్టిన ఒకే రకపు ఇంజను ఒక గ్రామమున అయిదేండ్లు, మరియొక గ్రామమున పదునైదేండ్లు పనిచేయుచున్నదన్నచో, ఆ భేదము యంత్రములో లేదు. దానిని చూచుకొను చేతులలో కలదు.

ఇంజను ఎట్లు అరుగును?

డీజిలు ఇంజనులో నిప్పు పెట్టు ప్లగ్గు లేదు. పిస్టను పైకి వచ్చి గాలిని పదునైదు, ఇరువది రెట్లు కుదించును. అట్లు కుదించిన గాలి 500 డిగ్రీలకు మించి వేడెక్కును. ఆ వేడిలోనికి డీజిలును సన్నని తుంపరగా చిమ్మగానే అది తనంతట మండి పిస్టనును క్రిందికి నెట్టును. రుడాల్ఫ్ డీజిల్ అను జర్మను ఇంజనీరు 1897లో ఇట్టి యంత్రమును జయప్రదముగా నడిపి చూపెను. నేటి మన బండ్లలో నున్నది ఆ సూత్రమే.

ఇంజను నిమిషమునకు 2,000 చుట్లు తిరుగుచున్నచో గంటకు 1,20,000 చుట్లు తిరిగినట్లు. అందు ప్రతి సిలిండరులోను గంటకు 60,000 సార్లు మంట పుట్టును. ఇంతటి రాపిడిలో ఇనుము ఇనుమును తాకకుండ అడ్డుగా నిలుచునది పలుచని ఆయిలు పొర ఒక్కటియే. క్రాంకు షాఫ్టు బేరింగులకడ ఆ పొర మందము తలవెండ్రుక మందములో పదియవవంతు కూడ ఉండదు. ఆ పొర చెడినచో రింగులు, లైనర్లు, బేరింగులు అరుగును. దానిని చెడగొట్టునవి ప్రధానముగా మూడు: మురికి, అధికమగు వేడి, నీరు. బండి పోషణ యనగా ఈ మూడింటిని ఇంజనులోనికి రానీయకుండుటయే. ఇతరమంతయు దీని వివరణమే.

ఆయిలు

ఆయిలు కేవలము జారుడుకొరకే కాదు. అది వేడిని మోసికొనిపోవును, మసిని తనలో కలుపుకొనును, తుప్పును ఆపును. ఇట్లు పనిచేయుచు కొంతకాలమునకు తానే శక్తి ఉడిగిపోవును. అప్పుడు మార్చవలెనే గాని పైపైన కలిపి సరిపెట్టరాదు. ఎన్ని కిలోమీటర్లకు మార్చవలెనో బండితో ఇచ్చిన పుస్తకమునందు ఉండును. ట్రాక్టర్లకు కిలోమీటర్లకు బదులు గంటల లెక్క ఉండును. అనేక ట్రాక్టర్లకు అది 250 గంటలు. కిలోమీటర్లు నిండకున్నను పుస్తకములో చెప్పిన నెలలు నిండినచో మార్చవలసినదే. ఆయిలు మార్చిన ప్రతిసారి ఆయిలు ఫిల్టరును కూడ మార్చవలెను. పాత ఫిల్టరులోనుండి క్రొత్త ఆయిలు పంపుట మురికిబిందెలో మంచినీరు పోయుట వంటిది.

ప్రతిదినము ఉదయము బండి కదలించుటకు ముందు, సమమైన నేలమీద నిలిపి, గేజి పుల్ల తీసి తుడిచి, మరల పెట్టి చూడవలెను. ఆయిలు రెండు గుర్తుల నడుమ ఉండవలెను. పై గుర్తును దాటుటయు హానియే. డీజిలు ఇంజనులో ఆయిలు నల్లబడుట సహజము. దానినిబట్టి భయపడనక్కరలేదు. కాని పాలు కలిసిన టీ రంగులో కనబడినచో అందు నీరు చేరినదని గ్రహించి, బండిని కదలింపక మెకానిక్కును పిలువవలెను. నడచుచుండగా ఆయిలు దీపము వెలిగినచో, గమ్యము ఒక కిలోమీటరు దూరమే యున్నను, అప్పటికప్పుడు ఇంజను ఆపవలెను. ఆయిలు ఒత్తిడి లేకుండ నడచిన కొద్ది నిమిషములు ఏండ్ల ఆయువును హరించును.

తీసివేసిన పాత ఆయిలును కాలువలోనో, బోదెలోనో పారబోయుట ఘోరమైన తప్పు. డెల్టా గ్రామములలో అనేకము కాలువనీటితో నింపిన చెరువునుండియే మంచినీరు త్రాగుచున్నవి. వాడిన ఆయిలు ప్రమాదకరమైన వ్యర్థపదార్థముల జాబితాలోనిది. దానిని డబ్బాలో పోసి మూతబెట్టి, అనుమతి పొందిన సేకరణదారులకు అప్పగించవలెను. పంచాయతీయే ఈ నియమము తప్పినచో ఇతరులకు చెప్పు అధికారము దానికి ఉండదు.

నీరు

మండిన డీజిలు శక్తిలో పెద్దభాగము వేడిగా మారిపోవును. ఆ వేడిని రేడియేటరులోని ద్రవము వెలికి తెచ్చును. సముద్రతీర మండలములలో భూగర్భజలము ఉప్పన. అట్టి నీటిని రేడియేటరులో పోసినచో లోపలి దారులలో గారకట్టును, లోహమును తినివేయును. కనుక తయారీదారు చెప్పిన కూలెంటునే, చెప్పిన పాలులో శుద్ధజలము కలిపి పోయవలెను. బోరింగు నీరు, చెరువు నీరు అత్యవసరమునకు మాత్రమే. పిమ్మట వెంటనే కడిగించి కూలెంటు నింపవలెను.

వేడి ముల్లు పైకెక్కినచో బండి నిలిపి చల్లారనీయవలెను. వేడిగా నున్నప్పుడు రేడియేటరు మూత తీయుట ప్రాణాపాయము. వేడెక్కిన ఇంజనుపై చన్నీరు కుమ్మరించుటయు తగదు. హెడ్డు వంగును, బీటవారును. హెడ్డు వంగినచో గ్యాస్కెట్టు కాలి నీరు ఆయిలులో కలియును. అంతటితో పెద్దపని తప్పదు. ఫ్యాను బెల్టు, నీటి గొట్టములు చూచుటకు రెండు నిమిషములు చాలును. వాటిని చూడకపోవుటవలన కలుగు నష్టమునకు రెండు నెలలైనను చాలవు.

గాలి

రెండున్నర లీటర్ల ఇంజను నిమిషమునకు 2,000 చుట్లు తిరుగుచు గంటకు లక్ష లీటర్లకు పైగా గాలి పీల్చును. ఆ గాలిలోని ధూళి లోనికి పోయినచో ఆయిలుతో కలిసి గరుకుమందువలె సిలిండరును నూరివేయును. ఎయిర్ ఫిల్టరు దీనిని ఆపుటకే యున్నది. కోతలు, నూర్పిళ్లు జరుగు దినములలో ధాన్యపు దూగర, ఊక ఎగురుచుండును. ఆ దినములలో వారమునకు ఒకసారియైనను ఫిల్టరు చూడవలెను. కాగితపు ఫిల్టరును నీటితో కడుగరాదు, నేలకు గట్టిగా కొట్టరాదు. చిల్లిపడిన ఫిల్టరు లేనిదానికంటె మోసకరము. రేడియేటరు రేకుల మధ్య చిక్కిన ఊకను కూడ మెల్లగా తీయింపవలెను. బండి వేడెక్కుటకు తరచు అదియే కారణము.

డీజిలు

డీజిలు చిమ్ము నాజిళ్ల రంధ్రములు అతి సూక్ష్మములు. ఒక చుక్క నీరు, ఒక నలుసు మురికి వాటిని పాడుచేయును. డ్రమ్ములలో నిలువచేసిన డీజిలు వాడకుండుట మేలు. వానకాలమున ట్యాంకులో ఖాళీ యున్నచో రాత్రివేళ గాలిలోని తేమ చెమ్మయై డీజిలులో చేరును. కనుక సాయంకాలమే ట్యాంకు నింపి నిలుపుట మంచి అలవాటు. డీజిలు ఫిల్టరు అడుగున చేరిన నీటిని పుస్తకములో చెప్పినట్లు అప్పుడప్పుడు వదలవలెను.

డెల్టాకు ప్రత్యేకమైన శత్రువులు

పైన చెప్పినవి ఏ ప్రాంతమునకైనను వర్తించును. మన ప్రాంతమునకు ప్రత్యేకమైన చిక్కులు మరికొన్ని కలవు.

మొదటిది ఉప్పు. చేపల ట్రేలనుండి, రొయ్యల పెట్టెలనుండి కారిన నీరు బండి అడుగునకు చేరును. ఆయిలు నిలుచు సంపు అనేక బండ్లలో పలుచని రేకుతో చేసినది. అది తుప్పుపట్టి చిల్లిపడినచో ఆయిలు దారిలోనే కారిపోయి ఇంజను పట్టివేయును. ఇట్టి సరకు మోసిన బండిని ఆనాడే మంచినీటితో అడుగుభాగము కడుగవలెను. ఏటికొకమారు తుప్పునాపు రంగు పూయింపవలెను.

రెండవది వరద. 1986 ఆగష్టులో గోదావరికి 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినది. 2022 జూలైలో ధవళేశ్వరము బ్యారేజి వద్ద ప్రవాహము 25 లక్షల క్యూసెక్కులు మించినది. లంక గ్రామములు దినముల తరబడి నీట నున్నవి. అట్టివేళ బండి మునిగినచో మొదటి నియమము ఒక్కటియే: స్టార్టు చేయరాదు. గాలి కుదించినచో కుదియును, నీరు కుదియదు. సిలిండరులో నీరుండగా స్టార్టు చేసినచో పిస్టను ఆ నీటిని కొట్టుకొని కనెక్టింగు రాడ్డు వంగిపోవును. మునిగినంత మాత్రమున చెడని ఇంజను, స్టార్టు చేయుటవలన చెడును. బ్యాటరీ తీగలు విప్పి, బండిని త్రాళ్లతో లాగించి, మెకానిక్కుచేత సిలిండర్లలోని నీరు తీయించి, ఆయిలు, ఫిల్టర్లు అన్నియు మార్పించిన పిదపనే నడుపవలెను. మునిగిన ఇంజనును స్టార్టు చేయుటవలన కలిగిన నష్టమును సాధారణ బీమా పాలసీలు అనేకము చెల్లింపవు. మన పాలసీలో ఏమున్నదో వరదకు ముందే చదివి తెలిసికొనుట సభ్యుల విధి. వరద హెచ్చరిక రాగానే బండిని మెరక స్థలమునకు చేర్చుట అన్నింటికంటె చవుకైన మరమ్మతు.

మూడవది చిన్న ప్రయాణము. చెత్త బండి ఇంటింటికి ఆగుచు, ఇంజను ఆపకుండ, ఉదయమంతయు తిరిగి ఇరువది కిలోమీటర్లు కూడ నడువకపోవచ్చును. కిలోమీటర్ల ముల్లు చూచినచో బండి క్రొత్తదివలె కనబడును. ఇంజను మాత్రము గంటల తరబడి తిరిగినది. ఖాళీగా తిరిగిన ఒక గంట సుమారు 40 కిలోమీటర్ల ప్రయాణముతో సమానమని కొందరు తయారీదారులు లెక్కింతురు. కనుక చెత్త బండికి కిలోమీటర్లతోపాటు గంటలను కూడ వ్రాసి, ఆయిలును త్వరగా మార్చవలెను. ఎక్కువసేపు నిలుపునప్పుడు ఇంజను ఆపవలెను.

2020 ఏప్రిల్ 1 నుండి అమ్మిన బి.ఎస్.-6 బండ్లకు ఇందు మరొక చిక్కు కలదు. వాటిలో అనేకమునకు పొగగొట్టమునందు మసిని పట్టు ఫిల్టరు ఉండును. అది వేడెక్కినప్పుడే తనలోని మసిని తానే కాల్చుకొనును. ఎప్పుడును చిన్న ప్రయాణములే చేసినచో అది పూడిపోయి హెచ్చరిక దీపము వెలుగును. పుస్తకములో చెప్పిన రీతిగా రహదారిమీద కొంతసేపు ఒకే వేగముతో నడిపినచో సాధారణముగా సరిపడును. ఇట్టి బండ్లకు తక్కువ బూడిదగల ప్రత్యేకపు ఆయిలునే పోయవలెను. చవుకయని వేరొకటి పోసినచో ఆ ఫిల్టరు చెడును.

నాలుగవది అధికభారము. బండి మోయదగిన బరువు రిజిస్ట్రేషను పత్రములోనే యున్నది. అంతకు మించి ఎక్కించినచో ఇంజను, క్లచ్చి, బ్రేకులు అన్నియు బాధపడును. 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము అధికభారమునకు 20,000 రూపాయల జరిమానాయు, మించిన ప్రతి టన్నుకు మరి 2,000 రూపాయలును విధించినది. జరిమానా తప్పించుకొన్నను ఇంజను మాత్రము తన జరిమానా వసూలుచేయకమానదు.

పదహారు లక్షల కిలోమీటర్ల బండి

అమెరికా దేశమున లూసియానా రాష్ట్రములో ఒకని వద్ద 2007 నాటి టొయోటా టండ్రా పికప్పు బండి యుండెను. 2016 నాటికి అది పది లక్షల మైళ్లు, అనగా పదహారు లక్షల కిలోమీటర్లు, నడచినది. తయారీదారులు అతనికి క్రొత్తబండి నిచ్చి, ఆ పాతబండిని పరీక్షించుటకై తీసికొనిరి. ఇది పెట్రోలు ఇంజనైనను అందలి పాఠము మనకు పనికివచ్చును. లెక్కించినచో అది రోజునకు 480 కిలోమీటర్లకు తక్కువ కాకుండ నడచినది. దూరప్రయాణములో ఇంజను ఒకే వేడిలో, ఒకే వేగములో సుఖముగా నడచును. చల్లని ఇంజనును మాటిమాటికి స్టార్టు చేయు బాధ లేదు. పైగా యజమాని కాలము తప్పక సర్వీసు చేయించెను.

మన చెత్త బండినుండి పదహారు లక్షలు ఆశింపనక్కరలేదు. ఆ బండి చేయు పని వేరు, మన బండి చేయు పని వేరు. కాని కష్టమైన పని చేయు బండికే అధికమైన శ్రద్ధ కావలెనని ఇందువలన స్పష్టమగుచున్నది. తక్కువ దూరము తిరుగుచున్నది గదా, సర్వీసు ఎందుకని యనుట తలక్రిందుల వాదము.

లాగుపుస్తకము

ఇంతవరకు చెప్పినదంతయు డ్రైవరు, మెకానిక్కు చేయవలసిన పని. ఇక పంచాయతీ చేయవలసినది ఒకటి కలదు. అది లాగుపుస్తకము సరిగా వ్రాయించుట. తేదీ, డ్రైవరు పేరు, బయలుదేరినప్పటి కిలోమీటర్లు, తిరిగివచ్చినప్పటి కిలోమీటర్లు, నడచిన గంటలు, పని వివరము, పోసిన డీజిలు, కలిపిన ఆయిలు, చేసిన మరమ్మతు, సంతకము అను కాలములు అందుండవలెను. చివరి సర్వీసు ఎప్పుడు జరిగినదో, తరువాతది ఎప్పుడు జరుగవలెనో అట్టమీదనే పెద్ద అక్షరములతో వ్రాయవలెను.

ఈ పుస్తకము డీజిలు దుర్వినియోగమును అరికట్టుటకు మాత్రమే యని తలచరాదు. అది ఇంజను నాడి. లీటరుకు పదునాలుగు కిలోమీటర్లిచ్చిన బండి పదకొండుకు దిగినదన్నచో ఫిల్టరో, నాజిలో చెడినది. నెలకు పావులీటరు ఆయిలు త్రాగినది లీటరు త్రాగుచున్నదన్నచో రింగులు అరుగుచున్నవి. పొగ రంగును కూడ వ్రాయవచ్చును: నల్లపొగ యన్నచో గాలి చాలదు లేక డీజిలు ఎక్కువ, నీలిపొగ యన్నచో ఆయిలు మండుచున్నది, ఇంజను వేడెక్కిన పిదపకూడ తెల్లపొగ ఆగకున్నచో నీరు లోనికి పోవుచుండవచ్చును. ఈ గుర్తులను మొదటి నెలలోనే కనిపెట్టినచో చిన్నపనితో పోవును. ఆరవ నెలలో కనిపెట్టినచో ఇంజను దింపవలెను.

బండిని ఒక్క డ్రైవరుకే అప్పగించుట మేలు. నలుగురు నడిపిన బండికి ఆయిలు చూచువాడు ఒక్కడును ఉండడు.

మంజూరు ఆలస్యము

పంచాయతీ బండ్లు తరచు చెడుటకు ముఖ్యకారణము డ్రైవరు అజాగ్రత్త కాదని మా అభిప్రాయము. సర్వీసుకు సొమ్ము మంజూరగుటలో జరుగు ఆలస్యమే పెక్కుచోట్ల కారణము. ఆయిలు మార్చవలసిన దినము దాటును. బిల్లు తరువాతి సమావేశమునకు, మరల ఆపై సమావేశమునకు వాయిదాపడును. బండి మాత్రము దినదినము తిరుగుచునే యుండును.

ఒక లెక్క ఊహింతము. ధరలు ఊరూరికి మారును. ఇది లెక్కవరుస తెలుపుటకు మాత్రమే. ఒక సర్వీసుకు 7,000 రూపాయలనుకొందము. అది సకాలమున జరుగక ఇంజను బోరుకు వచ్చినచో పనికి 1,00,000 రూపాయలనుకొందము. బండి నెలరోజులు షెడ్డులో నుండగా అద్దె ట్యాంకరుకు రోజునకు 1,500 రూపాయల చొప్పున 45,000 రూపాయలు. మొత్తము 1,45,000. మిగుల్చుకొన్నది 7,000. పోగొట్టుకొన్న సొమ్ముతో ఇరువది సర్వీసులు జరిగియుండెడివి. ఇది ఇంటిపన్ను కట్టిన ప్రతి కుటుంబము సొమ్ము.

దీనికి ఉపాయము సులభము. ఆర్థిక సంవత్సరారంభమున ఏప్రిల్ సమావేశమునందే ఆ సంవత్సరపు సర్వీసులన్నింటికిని అంచనావేసి, ఒకే తీర్మానముతో సొమ్ము కేటాయింపవలెను. సర్వీసు దినము రాగానే కార్యదర్శి మరల సమావేశమునకై వేచియుండక పని చేయింపగలుగవలెను. ప్రతి సమావేశమునందు లాగుపుస్తకములోని నెలసరి మొత్తములు చదివి వినిపింపవలెను. అయిదు నిమిషముల పని ఇది.

డెల్టా పంచాంగము

సర్వీసు దినములను మన పనుల కాలమునకు తగినట్లు ఏర్పరచుకొనుట మంచిది.

మార్చి నెలలో, కాలువలు కట్టకమునుపు: కూలెంటు, ఫ్యాను బెల్టు, గొట్టములు చూపించి, ఆయిలు మార్పింపవలెను. కాలువలు కట్టిన వారములలో శివారు గ్రామముల చెరువులు అడుగంటును. ట్యాంకరుతో మంచినీరు తేవలసివచ్చు దినములవే. ఆ ఎండలలో ఇంజను ఆగినచో గ్రామమంతయు దాహమునకు గురియగును.

జూన్ నెలలో, వరదలకు ముందు: డీజిలు ఫిల్టరు, బ్యాటరీ, వైరింగు చూపింపవలెను. బండిని చేర్చదగిన మెరక స్థలము నిర్ణయింపవలెను. బీమా గడువు సరిచూడవలెను.

అక్టోబరు నెలలో, తుపానులకును కోతలకును ముందు: ఆయిలు, ఫిల్టర్లు మార్పింపవలెను. క్రొత్త ఎయిర్ ఫిల్టరు ఒకటి కొని యుంచవలెను.

సంక్రాంతి పిమ్మట: దూగర పట్టిన రేడియేటరు, ఎయిర్ ఫిల్టరు శుభ్రము చేయింపవలెను. అడుగుభాగపు తుప్పు చూచి రంగు పూయింపవలెను.

ఇది తయారీదారు పుస్తకములోని గడువులకు అదనమే గాని బదులు కాదు. రెండింటిలో ఏది ముందువచ్చినచో దానినే పాటింపవలెను.

ముసలితనపు నిర్ణయము

ఎంత కాపాడినను ఒకనాటికి ఇంజను అరుగును. ఉదయము స్టార్టు కాక మొరాయించుట, ఆయిలు పోయు మూత తీసినచో పొగ గట్టిగా ఎగదన్నుట, ఆయిలు ఖర్చు పెరుగుట దాని గుర్తులు. అప్పుడు పెద్దపని చేయించుటయా, మానుటయా అను ప్రశ్న వచ్చును. పంచాయతీ బండి విషయమున మిగిలిన చట్టబద్ధమైన ఏండ్లనుబట్టి నిర్ణయింపవలెను. ఎనిమిదవ ఏట చేయించిన పని ఏడేండ్లు ఫలమిచ్చును. పదునాలుగవ ఏట చేయించినది ఒక్క ఏడు మాత్రమే. నిపుణునిచే సిలిండరు ఒత్తిడి కొలిపించి, వ్రాతమూలకమైన అంచనా తీసికొని, సమావేశమున చర్చించి నిర్ణయించుట న్యాయము.

పంచాయతీ సభ్యులారా, రాబోవు సమావేశపు నాడు మీ గ్రామపు బండి లాగుపుస్తకమును బల్లమీదికి తెప్పించి చూడుడు. చివరిసారి ఆయిలు ఎప్పుడు మార్చిరో అందు వ్రాసియున్నచో మీ బండి మంచి చేతులలో నున్నది. వ్రాసి లేకున్నచో ఆనాడే మార్పించి, ఆ తేదీతో పుస్తకమును మొదలుపెట్టుడు. పదునైదేండ్ల ఆయువునకు లెక్క అక్కడినుండియే ఆరంభమగును.